స్క్రీన్ మీద ఎరుపు, స్విచ్ మీద పచ్చ

పిల్లలూ,

మొన్న ఫోన్‌లో మీరడిగిన దానికి సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. "మానిటరింగ్ స్క్రీన్ మీద పోర్టు డౌన్ అని ఉంది, నెట్ మాత్రం ఆ పోర్టులోంచే వస్తోంది. ఏది నిజం తాతయ్యా?" అన్నారు కదా. ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను.

ఆ స్క్రీన్ వెనకున్న సాఫ్ట్‌వేర్‌కి స్విచ్ (నెట్ కేబుళ్ళన్నీ వచ్చి కలిసే పెట్టె, ఒక్కో కేబుల్ పెట్టే చోటు ఒక పోర్టు) కనబడదు. నిమిషానికో అయిదు నిమిషాలకో ఒకసారి స్విచ్‌ని అడుగుతుంది, వచ్చిన జవాబుకి రంగు వేస్తుంది, అంతే. ఇలా అడిగే పద్ధతి పేరు ఎస్‌ఎన్‌ఎంపీ, 1988 నుంచీ ఉంది. అడిగేది పోర్టు పేరుతో కాదు, నంబరుతో. ఆ నంబరుని ఇఫ్‌ఇండెక్స్ అంటారు. నేను చూసిన తిప్పలు ఎక్కువగా దీనితోనే.

నా ఉద్యోగం కొత్తలో ఒక రాత్రి స్విచ్‌లో కొత్త కార్డు పెట్టి రీబూట్ చేశారు. తెల్లారేసరికి సర్వర్ గదికి వెళ్ళే లింకు స్క్రీన్ మీద ఎర్రగా ఉంది. టెన్షన్‌తో పరుగెత్తి కేబుల్ పీకి మళ్ళీ పెట్టాను. స్విచ్ మీద పచ్చ లైటు మినుకుమినుకుమంటోందని చూసుకోనే లేదు. బాగా నడుస్తున్న లింకు నేను పీకిన ఆ పది సెకన్లూ నిజంగానే డౌన్ అయింది! ఎవరిదో ఫైల్ కాపీ మధ్యలో ఆగింది, తిట్లు నాకు పడ్డాయి.

జరిగిందేమిటంటే, రీబూట్‌లో నంబర్లు మారిపోయాయి. అంతకుముందు 10 అంటే సర్వర్ లింకు. ఇప్పుడు 10 అంటే ఎవరూ వాడని ఖాళీ పోర్టు. సాఫ్ట్‌వేర్ పాత చిట్టా పట్టుకుని "10 ఎలా ఉంది?" అని అడిగింది, స్విచ్ "డౌన్" అని ఉన్నమాటే చెప్పింది. ఇల్లు మారినవాళ్ళ కోసం పాత గుమ్మం తట్టినట్టన్నమాట.

అందుకే మీరూ ముందు ఎస్‌ఎన్‌ఎంపీవాక్ అనే కమాండ్‌తో ఇఫ్‌నేమ్ పట్టిక, అంటే పోర్టుల పేర్ల జాబితా, తీయండి. ఏ నంబరుకి ఏ పేరు ఉందో సాఫ్ట్‌వేర్‌లోని జాబితాతో పోల్చండి. తేడా ఉంటే ఆ పరికరాన్ని మళ్ళీ డిస్కవరీ చేయిస్తే, అంటే సాఫ్ట్‌వేర్ చేత దాని పోర్టుల్ని కొత్తగా చదివిస్తే, సరిపోతుంది. రీబూట్ అయినా నంబర్లు మారకుండా ఉంచే సెట్టింగ్ చాలా స్విచ్‌లలో ఉంటుంది, అది ఆన్ చేయండి.

నంబర్లు కలిస్తే ఇఫ్‌ఓపర్‌స్టేటస్, అంటే పోర్టు ఇప్పుడు ఎలా ఉందో చెప్పే విలువ, చూడండి. 1 అంటే అప్, 2 అంటే డౌన్ అని అందరికీ తెలుసు. కానీ విలువలు 7 దాకా ఉన్నాయి. 5 అంటే పోర్టు ఏదో ఒక సంకేతం కోసం కాచుకుని ఉంది, 6 అంటే ఆ భాగమే స్విచ్‌లో లేదు, 7 అంటే ఈ పోర్టు ఆధారపడిన కింది పొర పడిపోయింది. 1 కానిదల్లా ఎరుపే అనుకునే సాఫ్ట్‌వేర్లూ ఉన్నాయి, నాకు మహా చిరాకు. పక్కనే ఇఫ్‌అడ్మిన్‌స్టేటస్ కూడా చూడండి. అక్కడ 2 ఉంటే ఎవరో కావాలనే ఆ పోర్టుని ఆపారు.

ఇక అసలు జవాబే రాకపోతే? ప్రశ్నలు యూడీపీ అనే, అందిందో లేదో చూసుకోని పద్ధతి మీద వెళ్తాయి, దారిలో పోతే పోయినట్టే. స్విచ్ మరీ బిజీగా ఉన్నా, కమ్యూనిటీ స్ట్రింగ్ (ప్రశ్నతో పాటు పంపే పాస్‌వర్డ్ లాంటి మాట) ఎవరైనా మార్చినా అంతే. అప్పుడు కొన్ని సాఫ్ట్‌వేర్లు ఎరుపు చూపిస్తాయి, కొన్ని పాత రంగే ఉంచేస్తాయి. నన్నడిగితే ఎరుపు కన్నా ఆ పాత పచ్చే ప్రమాదం. లింకు తెగి గంటయినా స్క్రీన్ నవ్వుతూనే ఉంటుంది. చివరి జవాబు ఏ టైముకి వచ్చిందో తప్పకుండా చూడండి.

ట్రాప్‌ల సంగతీ ఇలాంటిదే. డౌన్ అయినప్పుడు స్విచ్ తనంతట తానే కబురు పంపుతుంది, అదే ట్రాప్, మళ్ళీ అప్ అయ్యాక ఇంకోటి. రెండోది దారిలో పోతే ఎరుపు అలాగే మిగిలిపోతుంది. అందిందని రసీదు కోరే ఇన్‌ఫార్మ్ వాడితే ఈ బాధ తగ్గుతుంది.

మీ స్విచ్‌ని ఈమధ్య రీబూట్ చేశారా? ఆ ఇఫ్‌నేమ్ పట్టికా, రెండు స్టేటస్ విలువలూ నాకు పంపండి. అంతదాకా కేబుల్ జోలికి పోకండి.

మీ
తాతయ్య