కజార్ల కాలపు వక్ఫ్‌నామాలు, వీలునామాలు: అపోహలు – వాస్తవాలు

పాత ఫారసీ దస్తావేజులు చదవడం నా వృత్తి. పంతొమ్మిదో శతాబ్దపు ఇరాన్‌కు, అంటే కజార్ వంశపు రాజుల కాలానికి చెందిన వక్ఫ్‌నామాల (ఆస్తిని శాశ్వతంగా ఒక ప్రయోజనానికి అంకితం చేసే పత్రాల) గురించీ వీలునామాల గురించీ నన్ను అడిగే ప్రశ్నలలో తరచుగా కనిపించే అపోహలను ఇక్కడ ప్రస్తావిస్తున్నాను.

అపోహ: వక్ఫ్ అంటే మసీదుకు రాసి ఇచ్చిన ఆస్తి.

వాస్తవం: మసీదులకూ మదరసాలకూ ఇచ్చినవి ఉన్న మాట నిజమే. అయితే ఆ కాలపు దాతలు ఎంతో ఇష్టంగా ఎంచుకున్న ప్రయోజనాలలో కర్బలాలో హతుడైన ప్రవక్త మనవడు ఇమామ్ హుసేన్ సంతాప సభలు ఒకటి. ఒక దుకాణాన్నో, ఊరి భూమిలో వాటానో, ఖనాత్ అనే భూగర్భ కాలువ నీటిలో తమ వంతునో వక్ఫ్ చేసి, దాని రాబడితో మొహర్రం మొదటి పది రోజులూ కర్బలా విషాదగాథను చదివించే 'రౌజాఖానీ' జరపాలని రాసేవారు. దాతలలో స్త్రీలూ ఉన్నారు; సొంత ఆస్తిపై వారికి హక్కు ఉండేది.

ఇటువంటి పత్రంలో నేను ముందుగా చూసేది ఖర్చుల వరుస. సాధారణంగా మొదట ఆస్తి మరమ్మతు, తరువాత వక్ఫ్‌ను నిర్వహించే ముతవల్లీకి తరచుగా పదో వంతు, అజమాయిషీ చేసే నాజిర్‌కు కొంత, మిగిలినది సభకు: చదివేవారి సంభావన, కాఫీ, హుక్కాకు పొగాకు, కొవ్వొత్తులు, వచ్చినవారికి భోజనం. పుణ్యం కన్నా ముందు పైకప్పు సంగతి ఆలోచించిన ఆ దాతలంటే నాకు గౌరవం.

పత్రం తలభాగాన తరచుగా కనిపించే అరబ్బీ వాక్యానికి 'అంతరంగాలను ఎరిగినవాడు ఆయనే' అని అర్థం. ఎరిగినవాడికీ వక్ఫ్ చేసినవాడికీ అరబ్బీలో 'వాకిఫ్' అనేది ఒకటే మాట కనుక, లేఖకుడు దైవస్తుతిలోనే శ్లేష పలికించేవాడు. మన 'వాకబు' కూడా ఆ మాట నుంచి వచ్చినదే.

అపోహ: వీలునామా రాస్తే ఆస్తి మొత్తాన్నీ ధర్మానికి ఇచ్చివేయవచ్చు.

వాస్తవం: వారసులు ఒప్పుకుంటే తప్ప వీలునామా మూడో వంతుకు మించి చెల్లదు. ఆ మూడో వంతు లోపల ఒక వారసుడికే ప్రత్యేకంగా ఇవ్వదలచినా, సున్నీ న్యాయశాస్త్రం మిగిలిన వారసుల సమ్మతి అడుగుతుంది, ఇరాన్‌లో అనుసరించే షియా న్యాయశాస్త్రం అడగదు. తాను బతికుండగా తప్పిపోయిన నమాజులనూ ఉపవాసాలనూ ప్రతిఫలం ఇచ్చి మరొకరిచేత చేయించడం, సంతాప సభలు జరిపించడం, శవాన్ని నేటి ఇరాక్‌లోని పుణ్యక్షేత్రాలైన కర్బలాకో నజఫ్‌కో చేర్చడం వంటివి ఈ భాగంలోనే వస్తాయి. అంతకు మించి ఇవ్వదలచినవారు బతికుండగానే 'సుల్హ్' అనే ఒప్పందం ద్వారా ఆస్తిని బదలాయించి, జీవితాంతం అనుభవించే హక్కును తమకే ఉంచుకునేవారు. అందుచేత వీలునామాను ఒంటరిగా చదివి ఒక మనిషి దానగుణాన్ని కొలిస్తే లెక్క తప్పుతుంది.

అపోహ: కుటుంబ ఆస్తిని కాపాడుకోవడానికి వేసిన ఎత్తే వక్ఫ్.

వాస్తవం: సంతానం పేరిట చేసే వక్ఫ్ ఉంది కనుక ఇది సగం నిజం. కానీ షియా న్యాయశాస్త్రంలో తన కోసం తానే వక్ఫ్ చేసుకోవడం చెల్లదు. దాత జీవితాంతం ముతవల్లీగా ఉండి, ఆ బాధ్యతను కొడుకుకు అప్పగించే ఏర్పాటు చేసుకోవచ్చు. భక్తినీ కుటుంబంపై బెంగనూ వేరు చేసి చూడవలసిన అవసరం ఆ దాతకు ఉండేది కాదు. ఆ గీత మనం గీస్తున్నదే.

అపోహ: శవాన్ని నేరుగా కర్బలాకు తరలించేవారు.

వాస్తవం: చాలామందిని ముందు సొంత ఊరిలో 'అమానత్'గా, అంటే తాత్కాలికంగా పూడ్చి, తరువాత బిడారుతో పంపేవారు. కర్బలా అప్పుడు ఉస్మానీ (ఒట్టోమన్ తుర్కుల) రాజ్యంలో ఉండేది. అంటువ్యాధుల భయంతో ఆ ప్రభుత్వం తాజా శవాలను అడ్డుకుని, ఎండిన అవశేషాలను అనుమతించే విధానానికి వచ్చింది.

అపోహ: తాజియా అంటే ఊరేగించే సమాధి నమూనా.

వాస్తవం: అది మన దేశపు అర్థం. ఇరాన్‌లో తాజియా కర్బలా గాథను ఆడే ఒక నాటకం. దానికోసమే నాసిరుద్దీన్ షా (1848–1896) టెహ్రాన్‌లో తకియా దౌలత్ అనే పెద్ద రంగస్థలం కట్టించాడు.

అపోహ: కర్బలా, నజఫ్‌లకు ధనం ఇరాన్ నుంచే వెళ్లేది.

వాస్తవం: 1825లో అవధ్ (లక్నో రాజ్యం) పాలకుడు గాజీయుద్దీన్ హైదర్ ఈస్టిండియా కంపెనీకి కోటి రూపాయలు అప్పిచ్చి, 5 శాతం వడ్డీని శాశ్వతంగా తన బంధువులకూ ఆశ్రితులకూ చెల్లించేలా ఏర్పాటు చేశాడు. వారు మరణించినకొద్దీ ఆ సొమ్ములో పెద్ద భాగం ఆ రెండు నగరాల ముజ్‌తహిద్‌లకు (షియా ధర్మశాస్త్ర పండితులకు) చేరసాగింది. దానిని పంచినది బాగ్దాద్‌లోని బ్రిటిష్ ప్రతినిధి.