సీజ్: అప్పగింతతో మొదలై జప్తు దాకా

పోలీసులు బండి సీజ్ చేశారంటాం, ఆయిల్ లేక ఇంజన్ సీజ్ అయిందంటాం, మనం ఫిట్స్ అనేదాన్ని డాక్టర్లు రిపోర్టులో సీజర్ అని రాస్తారు. మూడూ ఒకే ఇంగ్లిష్ మాట. పట్టేసుకోవడమే కదా అర్థం అనిపిస్తుంది గానీ, పాత ఇంగ్లండు కోర్టుల్లో దీనికి భూమిని ఒకరి స్వాధీనంలో పెట్టడం అనే అర్థం ఉండేది. అంటే లాక్కోవడం కాదు, అప్పగించడం!

1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచాక వాళ్ల ఫ్రెంచి మెల్లగా అక్కడి చట్టంలోకి ఎక్కింది, సీజ్‌కు చుట్టమైన సీజిన్, అంటే భూమి స్వాధీనం, అనే మాట అలా వచ్చిందే. పట్టా ఎవరిదన్న దానికంటే నేల ఎవరి అనుభవంలో ఉందన్నదే అప్పట్లో అసలు సంగతి. భూమి చేతులు మారాలంటే ఇద్దరూ ఆ నేల మీదికే వెళ్లి, సాక్షుల ముందు ఓ మట్టిగడ్డో చెట్టురెమ్మో చేతిలో పెట్టాలి. 1682లో పెన్సిల్వేనియా వలసను స్థాపించిన విలియం పెన్ అమెరికాలో న్యూకాజిల్ దగ్గర దిగినప్పుడు కూడా ఇదే తంతు: రెమ్మ గుచ్చిన పచ్చికగడ్డ, గిన్నెలో నది నీళ్లు, మట్టి ఆయన చేతికిచ్చారు. ఇంగ్లండు చట్టం ఈ పద్ధతిని పూర్తిగా తీసేసింది 1925లో.

మరి అర్థం ఎందుకు తిరగబడింది? నా ఉద్దేశంలో కారణం రాజే. భూస్వామి చనిపోతే వారసుడు కట్టాల్సింది కట్టేదాకా ఆ భూమి రాజు చేతిలోకి పోయేది, ఇచ్చేవాడే తీసుకునేవాడూ అయినప్పుడు జనానికి గుర్తుండేది తీసుకోవడమే కదా. అన్యాయంగా భూమి పోగొట్టుకున్నవాళ్లు కేసు వేసుకునే దారి ఇంగ్లండు రాజు రెండో హెన్రీ కాలంలో, 1166 ప్రాంతంలో వచ్చింది. 1215లో ఇంగ్లండు రాజు ఒప్పుకున్న హక్కుల పత్రం మాగ్నా కార్టా, దాని 39వ నిబంధన రాజుకే కళ్లెం వేసింది, చట్టబద్ధమైన తీర్పు లేకుండా స్వతంత్రుడైన ఏ మనిషి సీజిన్ కూడా తీసేయకూడదని.

తర్వాతి గొడవ కాగితాల మీద. 1762లో రాజు మనుషులు జాన్ ఎంటిక్ అనే రచయిత ఇంట్లో దూరి, పెట్టెల తాళాలు పగలగొట్టి, నాలుగు గంటలు వెతికి కాగితాలు ఎత్తుకెళ్లారు. దానికి చట్టంలో ఆధారమే లేదని 1765లో జడ్జి లార్డ్ కామ్డెన్ తేల్చేశారు. అకారణ సోదాలు, జప్తులు కూడదనే 1791 నాటి అమెరికా రాజ్యాంగం నాలుగో సవరణలో సెర్చ్, సీజర్ జంటగా కనిపించడం వెనక ఇలాంటి అనుభవాలే ఉన్నాయి. అక్కడ పోలీసులు కారు ఆపించడం కూడా సీజర్ కిందికే వస్తుంది.

జబ్బు సంగతి వేరు. ఎపిలెప్సీ అనే గ్రీకు మాటకే పట్టుకోవడం అని మూలార్థం, ఏదో శక్తి మనిషిని పట్టేసిందని నమ్మిన రోజుల్లోది అది. నమ్మకం పోయినా మాట మిగిలింది. ఇక ఇంజన్‌లో ఆయిల్ తగ్గితే పిస్టన్ వేడికి ఉబ్బి, సిలిండర్ గోడను గీరి గీరి చివరికి దానికే అతుక్కుపోతుంది. పట్టేసిందని మెకానిక్కులు అనేది దీన్నే.

పాత అర్థం చచ్చిపోయిందనుకోకండి. ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి తీర్మానాలు చాలావాటికి చివరి వాక్యం, ఈ విషయంలో తాము సీజ్డ్‌గానే ఉంటామని. అంటే ఫైలు ఇంకా మా చేతిలోనే ఉందని. సమితి చార్టర్ 12వ అధికరణం ప్రకారం ఒక వివాదాన్ని మండలి చూస్తున్నంత కాలం, మండలి అడిగితే తప్ప సర్వసభ్య సభ దానిమీద సిఫార్సు చేయకూడదు కాబట్టి, ఆ వాక్యం ఉత్త మర్యాదకు రాసింది కాదు.