నకిలీ ఐసీలు, నకిలీ లోహాలు: స్టోర్స్ గుమ్మం దగ్గర వినిపించే అపోహలు

ఎలక్ట్రానిక్ బోర్డులు తయారుచేసే ఒక యూనిట్‌లో, బయటి నుంచి కొన్న విడిభాగాలను తనిఖీ చేసి స్టోర్స్‌కు పంపే విభాగంలో పనిచేస్తున్నాను. కొనుగోలు విభాగం నుంచి, అప్పుడప్పుడు కస్టమర్ల నుంచి నేను తరచుగా వినే మాటలివి.

అపోహ: నకిలీ అంటే ఎవరో చాటుగా నాసిరకంగా తయారుచేసిన కొత్త వస్తువు.

వాస్తవం: నకిలీ ఐసీలలో (బోర్డు మీద అతికించే చిప్‌లలో) చాలా భాగం ఒకప్పుడు అసలైనవే. తుక్కులో పడిన బోర్డులను వేడిచేసి ఐసీలను ఊడదీస్తారు; వాటిని కడిగి, పైనున్న ముద్రను గీకి, నల్లటి పూత పూసి, కొత్త డేట్ కోడ్‌నో (తయారైన తేదీని తెలిపే అంకెలనో) ఎక్కువ ధర పలికే గ్రేడునో ముద్రించి అమ్ముతారు. చైనాలోని గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంలో ఉన్న గుయ్యు పట్టణం ఈ తుక్కు వ్యాపారానికి చాలాకాలం పేరుపడింది. 2009, 2010 సంవత్సరాల్లో అమెరికా రక్షణ సరఫరాల్లోకి చొరబడిన అనుమానిత నకిలీలపై ఆ దేశ సెనేట్ సాయుధ సేవల కమిటీ 2012 మేలో ఇచ్చిన నివేదిక సుమారు 1,800 ఉదంతాలను లెక్కించింది. వాటిలోని విడిభాగాల సంఖ్య 10 లక్షలు దాటింది. ఇలాంటి ఐసీ టెస్టర్ మీద పెడితే చక్కగా పనిచేస్తుంది, అసలు చిక్కంతా అక్కడే ఉంది. 0 నుంచి 70 డిగ్రీల వరకు పనిచేసే వాణిజ్య గ్రేడు ఐసీ మీద మైనస్ 55 నుంచి 125 డిగ్రీల వరకు తట్టుకునే సైనిక గ్రేడు ముద్ర వేస్తే, ఏసీ గదిలో ఆ రెండింటికీ తేడా కనిపించదు.

అపోహ: ఖరీదైన వాటికే నకిలీలు వస్తాయి.

వాస్తవం: నకిలీ చేసేవారు చూసేది గిరాకీని. యూఎస్‌బీని సీరియల్ పోర్టుగా మార్చే ఎఫ్‌టీ232ఆర్‌ఎల్ చిప్ ఏమంత ఖరీదైనది కాదు. 2014లో దాని తయారీ సంస్థ ఎఫ్‌టీడీఐ, విండోస్ డ్రైవర్ ద్వారా నకిలీ చిప్‌ల గుర్తింపు సంఖ్యను సున్నాగా మార్చినప్పుడు, తమ పరికరంలో నకిలీ ఉందని తెలియని వినియోగదారుల పరికరాలు కూడా పనిచేయడం మానేశాయి. విద్యుదావేశాన్ని నిల్వచేసే కెపాసిటర్ల విషయంలో, పెద్ద కెపాసిటర్ డబ్బాలో చిన్న కెపాసిటర్‌ను దాచి అమ్మడం ఇంకా పాత విద్య.

అపోహ: టెస్ట్ సర్టిఫికెట్ ఉంది, అదీ తయారీదారు ఇచ్చిందే, ఇంకేం కావాలి?

వాస్తవం: 2009లో కార్బన్ పరిశీలన ఉపగ్రహాన్ని, 2011లో గ్లోరీ ఉపగ్రహాన్ని మోసుకెళ్లిన టారస్ ఎక్స్‌ఎల్ రాకెట్లు రెండూ ఒకే విధంగా విఫలమయ్యాయి. ఉపగ్రహాన్ని కప్పి ఉంచే తొడుగు విడిపోవలసిన సమయంలో విడిపోలేదు. ఆ తొడుగు కీళ్లలో వాడిన అల్యూమినియం భాగాలను తయారుచేసిన సాపా ప్రొఫైల్స్ సంస్థలో 1996 నుంచి 2015 వరకు, అంటే 19 ఏళ్లపాటు, లోహపు బలాన్ని చెప్పే పరీక్షా ఫలితాలను దిద్ది సర్టిఫికెట్లు ఇచ్చారని దర్యాప్తులో తేలినట్లు నాసా 2019లో ప్రకటించింది. ఉత్పత్తిని బట్టి సిబ్బందికి దక్కే బోనస్‌లు కూడా అందుకు ఒక కారణం. నష్టం 70 కోట్ల డాలర్లు దాటింది. ఇక్కడ దొంగ సరఫరాదారు లేడు, దళారి లేడు. అసలు కంపెనీ, అసలు సరుకు, అబద్ధపు కాగితం. ఇందుకు భిన్నంగా 2023లో ఏఓజీ టెక్నిక్స్ అనే లండన్ సంస్థ వ్యవహారంలో, సీఎఫ్‌ఎం56 విమాన ఇంజిన్ల భాగాలకు జతచేసిన ధ్రువపత్రాలే కల్పితమని బయటపడింది. అందువల్ల సర్టిఫికెట్‌ను అది ఇచ్చినవారిని నేరుగా అడిగి సరిచూసుకోవడం, ముఖ్యమైన లోహానికి వేరే ప్రయోగశాలలో పరీక్ష చేయించడం అనుమానపు మనుషుల చాదస్తం కాదు.

అపోహ: తనిఖీ గట్టిగా ఉంటే ఎక్కడ కొన్నా ఫరవాలేదు.

వాస్తవం: మా విభాగానికి ఇది పొగడ్తలా వినిపించినా, నిజం కాదు. అసిటోన్‌తో తుడిస్తే ఊడిపోయే పూత నిన్నటి మాట. నేటి పూతలు దానికి లొంగవు. ఎక్స్‌రేలో లోపలి సిలికాన్ ముక్క పరిమాణాన్ని, తీగల అమరికను చూడవచ్చు. ఐసీ పైభాగపు కవచాన్ని ఆమ్లంతో కరిగించి సిలికాన్ మీది గుర్తును చదవవచ్చు కానీ, ఆ ఐసీ ఇక పనికిరాదు కాబట్టి రెండు మూడింటికి మించి అలా చూడలేం. తయారీ ఆగిపోయిన ఒక కంట్రోలర్‌ను గత్యంతరం లేక దళారి వద్ద కొన్నప్పుడు, రీల్ (ఐసీలను వరుసగా అమర్చిన టేపు చుట్ట) మొదట్లోని నమూనాలన్నీ సరిగా ఉన్నాయి. మధ్య నుంచి తీసిన వాటిలో సిలికాన్ ముక్క సగం పరిమాణమే ఉంది. ఆ భాగం తయారీ ఆపుతున్నట్లు కంపెనీ ముందే నోటీసు ఇచ్చింది. దాన్ని చదివి, చివరి ఆర్డరు అధీకృత డిస్ట్రిబ్యూటర్‌కు పెట్టి ఉంటే, మా ఎక్స్‌రే యంత్రానికి ఆ రోజు పని ఉండేది కాదు.

అపోహ: నకిలీ అని తేలితే సరుకు వెనక్కి పంపి డబ్బు తీసుకుంటే సరిపోతుంది.

వాస్తవం: వెనక్కి వెళ్లిన రీల్ వచ్చే నెల మరొకరి స్టోర్స్‌కు చేరుతుంది. అనుమానిత లాట్‌ను (ఒకేసారి వచ్చిన సరుకును) తాళం వేసిన అలమరలో విడిగా ఉంచి, అసలు తయారీదారుకు రాతపూర్వకంగా తెలియజేసి, వివాదం తీరాక నలిపి నాశనం చేయించాలి. మనం తూకానికి అమ్మే తిరస్కరించిన బోర్డులకూ ఇదే వర్తిస్తుంది. గుయ్యుకు చేరిన తుక్కు కూడా ఎవరో ఒకరి గేటు దాటి వెళ్లినదే.