తలంబ్రాల చేతికి దువ్వెన పళ్ళు

ఒక పాఠకురాలు 2003 నాటి తమ పెళ్ళి మినీ డీవీ (చిన్న డిజిటల్ వీడియో) క్యాసెట్‌ని ఈమధ్యే కంప్యూటర్‌లోకి ఎక్కించారు. "అందరూ కదలకుండా కూర్చున్నప్పుడు బొమ్మ బాగానే ఉంది. తలంబ్రాలు పోసుకునేటప్పుడు మాత్రం చేతుల అంచులు దువ్వెన పళ్ళలా చీలిపోతున్నాయి. క్యాసెట్ పాడైందా?" అని అడిగారు.

పాడవలేదండీ. ఆ పళ్ళు కనిపిస్తున్నాయంటే కెమెరా చూసిన కదలికంతా అందులో భద్రంగా ఉన్నట్టే.

మన దేశపు టీవీ, వీడియో పద్ధతి పాల్‌లో సెకనుకు 25 ఫ్రేములని చెప్పి పాఠాలు ముగించేస్తారు. అసలు ముచ్చట అక్కడే మొదలవుతుంది! ఆ కెమెరా సెకనుకు 50 సార్లు చూస్తుంది. ఒకసారి బేసి గీతలు, మరోసారి సరి గీతలు. ఒక్కో చూపు ఒక ఫీల్డు, అందులో 288 గీతలు. రెండు ఫీల్డుల్ని అల్లితే 576 గీతల ఫ్రేము.

ఇప్పుడు ఆ చేతినే లెక్క వేద్దాం. అది సెకనుకు 2 మీటర్ల వేగంతో కదులుతోందనుకోండి. సెకనులో 50వ వంతుకి 4 సెంటీమీటర్లు జరుగుతుంది. తెర వెడల్పులో 2 మీటర్ల దృశ్యం పడితే, 720 పిక్సెళ్ళలో అది సుమారు 14 పిక్సెళ్ళు. అంటే బేసి గీతల్లో చెయ్యి ఒకచోట, సరి గీతల్లో 14 పిక్సెళ్ళ అవతల. అవే పళ్ళు. పెళ్ళిపందిరి స్తంభం కదలదు కాబట్టి దానికి పళ్ళు రావు. పిక్చర్ ట్యూబ్ టీవీ ఒక ఫీల్డు తర్వాత మరొకటి గీసేది కనుక అప్పట్లో ఎవరికీ ఇబ్బంది లేదు. కంప్యూటర్ రెండు క్షణాల్నీ ఒకేసారి చూపిస్తుంది.

మరి అల్లుకున్న ఆ రెండు ఫీల్డుల్ని విడదీసి, ఒక్కోదాన్నీ పూర్తి ఫ్రేము చేయడం ఎలా? ఆ పని చేసే సాఫ్ట్‌వేర్ ఫిల్టర్లలో యాడిఫ్ ఒకటి. ఫీల్డులో లేని గీతని ఊహించేటప్పుడు అది పైగీతనీ కిందిగీతనీ చూస్తుంది, ముందు ఫీల్డునీ తర్వాతి ఫీల్డునీ కూడా చూస్తుంది. స్తంభం దగ్గర పక్క ఫీల్డు గీతని దాదాపు అలాగే తెచ్చుకుంటుంది, చేతి దగ్గర పైకిందల నుంచి పూరిస్తుంది. క్యూటీజీఎంసీ అనే మరో ఫిల్టర్ ఇంకా నయం: చెయ్యి ఎటు కదిలిందో వెతికి, ఆ దారి వెంట గీతలు తెస్తుంది. యాడిఫ్ కన్నా చాలా ఎక్కువసేపు తీసుకుంటుంది, అయినా నా ఓటు దానికే.

ఏది వాడినా ఫీల్డుకో ఫ్రేము చొప్పున 50 ఫ్రేములు తీయండి. చాలామంది 25తో సరిపెడతారు. సగం కదలిక పోతుంది, బియ్యపు గింజలు గెంతుతూ పడతాయి. నాకది నిజంగా బాధగా ఉంటుంది.

ఫీల్డుల వరస కూడా చూసుకోవాలి. డీవీలో కింది ఫీల్డు (సరి గీతలది) ముందొస్తుంది, డీవీడీల్లో ఎక్కువగా పై ఫీల్డు (బేసి గీతలది) ముందు. సాఫ్ట్‌వేర్‌కి ఆ వరస తప్పు చెబితే క్షణాలు 2, 1, 4, 3, 6, 5 అని నడుస్తాయి. చెయ్యి ముందుకెళ్ళి వెనక్కొచ్చి వణుకుతుంది. దాన్ని చూసి టేపు అరిగిందనుకుంటారు. ఒక్క సెట్టింగ్ మారిస్తే పోతుంది.

ఫీల్డుల్ని విడదీయకముందు బొమ్మ సైజు మాత్రం పెంచకండి. పెంచితే బేసి, సరి గీతలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి, ఆ తర్వాత ఏ ఏఐ యాప్‌కి ఇచ్చినా పళ్ళకే మెరుగులు దిద్దుతుంది. పాల్ డీవీలో రంగు వివరాలు కూడా ఫీల్డు ఫీల్డుకీ విడిగా ఉంటాయి. ఆ తేడా గుర్తించని సాఫ్ట్‌వేర్ ఎర్రచీర అంచుని రంపంలా చేస్తుంది.

అమెరికాలోని బంధువుల కోసం అప్పట్లో ఎన్‌టీఎస్‌సీ (అక్కడి టీవీ పద్ధతి) కాపీ తీయించి ఉంటే, దాన్ని బాగుచేయాలని చూడకండి. 50 ఫీల్డుల్ని దాదాపు 60 చేయడానికి చాలా యంత్రాలు పక్కపక్క ఫీల్డుల్ని కలిపేసేవి, అందులో ఒక చెయ్యి రెండుగా కనిపిస్తుంది. అలా కలిసినవి మళ్ళీ శుభ్రంగా విడిపోవడం చాలా కష్టం. మూల క్యాసెట్ మీ దగ్గరే ఉంది కదా, దాంట్లోంచి 50 ఫ్రేముల ఫైలు చేసి పంపండి. అక్కడి ఫోన్లలోనూ అది ఆడుతుంది.