మెదడు స్కానింగులో తెల్ల మచ్చలు: తప్పంతా టాక్రోలిమస్‌దేనా?

మూత్రపిండ మార్పిడి చేయించుకున్న మనిషికి ఉన్నట్టుండి ఫిట్స్ వస్తే ముందు టాక్రోలిమస్ (కొత్త కిడ్నీని శరీరం తిరస్కరించకుండా రోగనిరోధక శక్తిని అణచే మందు) ఆపాలా, తలకు ఎంఆర్‌ఐ తీయించాలా అన్న వాదన శ్రీకాకుళం జిల్లాలో మళ్లీ రాజుకుంది. ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎలా పాకిందో పాఠకులకు కొత్తగా చెప్పనక్కరలేదు. ఈ తగవుకు మూలం మాత్రం 1996లో ఉంది.

ఆ ఏడాది ఫిబ్రవరిలో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ అనే వైద్య పత్రికలో హించీ అనే వైద్యురాలి బృందం 15 మంది రోగుల వివరాలు ప్రచురించింది. వారిలో తలనొప్పి, మూర్ఛ, మగత, చూపు పోవడం వంటి లక్షణాలు కనిపించాయి. స్కానింగులో మెదడు వెనుక భాగాన, ఎక్కువగా రెండు వైపులా, నీరు చేరిన వాపు కనిపించింది. వారిలో ఏడుగురు రోగనిరోధక శక్తిని అణచే మందులు వాడుతున్నవారు. ముగ్గురికి ఎక్లాంప్సియా, అంటే గర్భిణులకు బీపీ పెరిగి ఫిట్స్ రావడం, మన పల్లెల్లో గుర్రపువాతం అనేది. మరో నలుగురికి మూత్రపిండ వ్యాధితో పాటు బీపీ విపరీతంగా పెరిగింది. మొత్తం మీద 12 మందికి బీపీ ఒక్కసారిగా ఎగబాకింది. మన దగ్గర మందులు వాడిన ఆ ‘ఏడుగురు’ అన్న సంఖ్యే అందరి నోటా నానింది, మిగతావి మరుగున పడ్డాయి.

అదే పని చేసే సైక్లోస్పోరిన్ అనే మందుకు 1983లో, టాక్రోలిమస్‌కు 1994లో అమెరికాలో అనుమతి వచ్చింది. రెండూ రక్తనాళాల లోపొరను దెబ్బతీయగలవు. అది బలహీనపడిన చోట బీపీ తోడైతే రక్తంలోని నీరు మెదడులోకి ఊరుతుంది. ఎంఆర్‌ఐలో ఒక రకమైన ఫ్లెయిర్ చిత్రంలో తెల్లగా కనిపించేది ఆ ఊటే. నీటి కదలికను చూపే డిఫ్యూజన్ అనే మరో రకం ఎంఆర్‌ఐ చిత్రం, దానితో వచ్చే, ఆ కదలికను కొలిచే ఏడీసీ పటం ఇంకో మెట్టు ముందుకు వెళ్తాయి: నీరు స్వేచ్ఛగా కదులుతుంటే అది వాపు, కదలిక ఆగితే రక్తం అందక కణాలు చచ్చిపోతున్న పక్షవాతం. సీటీలో తొలి దశలో ఈ తేడా తెలియకపోవచ్చు.

మందు వెంటనే ఆపాలనేవారి మాట కొట్టిపారేయదగింది కాదు. ఎంఆర్‌ఐ కోసం ఇచ్ఛాపురం నుంచి విశాఖకు 200 కిలోమీటర్లకు పైగా ప్రయాణం, దారిలో మళ్లీ ఫిట్స్ వస్తే ఎవరు చూస్తారు? అయితే మందు పూర్తిగా ఆపేస్తే కొత్త కిడ్నీని శరీరం తిరస్కరించే ప్రమాదం ఉంది. రక్తంలో మందు లెవెల్ మామూలుగా ఉన్నప్పుడు కూడా ఈ వాపు రావచ్చు కనుక లెవెల్ పరీక్ష ఒక్కదానితో తీర్పు చెప్పలేం. పైగా లెవెల్ పెరగడానికి ఫ్లూకోనజోల్ (ఫంగస్ మందు), క్లారిత్రోమైసిన్ (యాంటీబయాటిక్) లాంటి వేరే మాత్రలు కారణం కావచ్చు. టీ గ్లాసు పట్టుకున్నప్పుడు చేయి వణికి అంచు పళ్లకు తగలడం టాక్రోలిమస్ వాడేవారిలో తరచూ కనిపించేదే. దానికీ ఈ వాపుకూ ముడిపెట్టి భయపడనక్కరలేదు.

ఇంకో అపోహ, ఎంఆర్‌ఐకి డై ఎక్కిస్తే కిడ్నీ పోతుందని. కిడ్నీ బాగా దెబ్బతిన్నవారికి ఆ డైలో ఉండే గాడోలినియం విషయంలో 2006 నుంచి జాగ్రత్తలు పెరిగిన మాట నిజమే కానీ, ఫ్లెయిర్‌కూ డిఫ్యూజన్‌కూ ఆ డై అక్కర్లేదు. అక్కరైనది స్కానింగు చీటీ మీద నాలుగు మాటలు: మార్పిడి ఎప్పుడు జరిగింది, ఏ మందు, ఎంత లెవెల్, ఫిట్స్ వచ్చిన పూట బీపీ ఎంత. చాలా చీటీల మీద ఉండేది ‘ఫిట్స్’ అన్న ఒక్క మాటే.