నవ్వులకు తాళం వేసిన ముసుం

చిరంజీవులైన పిల్లలకు,

తాతయ్య ఆశీస్సులు. మొన్న సెలవులకు వచ్చినప్పుడు, సినిమాల్లో నవ్వించేవాళ్ళకు సంగీతంతో పనేమిటని మీరు అడిగితే సరైన జవాబు చెప్పలేకపోయాను. హాస్యం కూడా తాళం తప్పకుండా నడవాలని నా నమ్మకం. దానికి బ్రెజిల్ దేశపు హాస్యనటుడు ముసుం కంటే మంచి సాక్ష్యం నాకు తోచలేదు కనుక ఆయన కథే రాస్తున్నాను.

అసలు పేరు ఆంతోనియో కార్లోస్ బెర్నార్దెస్ గోమెస్. 1941 ఏప్రిల్ 7న రియో డి జనీరోలో, కొండవాలున పేదలు కట్టుకున్న ఇళ్ళ మధ్య పుట్టారు. తల్లి మల్వీనా ఇతరుల ఇళ్ళలో పనిచేసి బిడ్డను పెంచింది. ఆమెకు చదువు రాదు. కొడుకు బడిలో నేర్చుకున్న అక్షరాలను ఇంటికి వచ్చి అమ్మ చేత దిద్దించి, ఆమెకు చదవడం నేర్పాడు. ఆయన జీవితంలో నాకు అన్నిటికంటే నచ్చిన ఘట్టం ఇదే కనుక ముందే చెప్పేశాను. తరువాత ఆయన వృత్తి విద్యాలయంలో మెకానిక్ పని నేర్చుకుని, ఎనిమిదేళ్ళు వైమానిక దళంలో ఉద్యోగం చేశారు. ఆ కొలువులో ఉంటూనే సాంబా బృందాలతో తిరిగేవారు.

సాంబా అంటే ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవారి సంతతి బ్రెజిల్‌లో పెంచి పోషించిన సంగీతం, నృత్యం. మిత్రులతో కలిసి ఆయన నడిపిన ‘ఒస్ ఒరిజినాయిస్ దో సాంబా’ బృందం మంచి పేరు తెచ్చుకుంది. 1968లో సాంబా పాటల పోటీలో ప్రసిద్ధ గాయని ఎలిస్ రెజీనా పాడినప్పుడు ఆమె వెనుక వాయించినది ఈ బృందమే. అందులో ముసుం వాద్యం రెకో-రెకో. లోహపు పెట్టె మీద స్ప్రింగులు బిగించి, వాటి మీద సన్నని కడ్డీతో ముందుకూ వెనక్కూ గీస్తారు. మీ అమ్మను అడిగి, అల్లం తురిమే రేకు మీద చెంచాతో గీసి చూడండి, దాదాపు ఆ ధ్వనే వస్తుంది. దానితో రాగం పలికించలేము. డోళ్ళ మోతల మధ్య ఉన్న సందుల్లో, ఉండవలసిన చోట గీత పడాలి, అంతే. ఎక్కడ మాట వేయాలో, ఎక్కడ ఊరుకోవాలో తెలియడానికి హాస్యనటుడికి ఇంతకంటే మంచి శిక్షణ ఏముంటుంది?

టీవీలో నటించమని మొదట పిలిచినప్పుడు, ముఖానికి రంగు పూసుకోవడం మగవాడు చేసే పని కాదని ఆయన నిరాకరించారు. చివరికి 1965లో ఒప్పుకున్నారు. ముసుం అన్న పేరు పెట్టినవాడు అప్పటికే పేరుమోసిన నటుడు గ్రాందె ఒతేలో. పొలుసులు లేకుండా, పాములా పొడవుగా, పట్టుకుంటే జారిపోయే నల్లని చేపకు ఆ దేశంలో ఆ పేరుంది. ఎలాంటి ఇరకాటం నుంచైనా మాటతో జారిపోతాడని ఆ పేరు పెట్టారట. పేరు మొదట ఆయనకు రుచించలేదంటారు, కాని అదే నిలిచిపోయింది.

ఆయన ప్రత్యేకత మాటల చివర ‘ఇస్’ తగిలించడం. ఆ చిట్కాను సూచించినది షికో అనీసియో అనే మరో గొప్ప హాస్యనటుడు. బస్, కార్ అన్న మాటలకు మనం ఉకారం చేర్చి బస్సు, కారు అంటామే, అలాగే ఆయన ఏ మాటకైనా ‘ఇస్’ చేర్చేవారు. మన భాషలో అయితే ‘పప్పిస్ అన్నమిస్ పెట్టమ్మిస్’ అన్నట్టు ఉంటుంది. మనం అలవాటు కొద్దీ చేస్తాం, ఆయన నవ్వించడానికి చేశారు. ఆ తోక ప్రతి మాటనూ ఒకే చోట విరిచి, వాక్యానికి రెకో-రెకో గీతలాంటి దరువు తెచ్చింది. బ్రెజిల్ పిల్లలంతా అలాగే మాట్లాడసాగారు.

స్నేహితుడు దెదే సంతానా ఆహ్వానించగా ‘ఒస్ త్రపల్యోయిస్’ అనే హాస్య బృందంలో చేరారు. నాయకుడు రెనాతో అరగావ్ పాత్ర పేరు దిదీ. మిగతావారు దెదే, ముసుం, జకారియాస్. 1977 నుంచి గ్లోబో టీవీలో ఆదివారం సాయంత్రాలు ఈ నలుగురివే. కార్యక్రమం పని పెరిగేకొద్దీ సంగీత బృందంలో కొనసాగడం కుదరక ఆయన దాన్ని విడిచిపెట్టారు. 1983లో రాబడి పంపకాల విషయమై ముగ్గురూ దిదీ నుంచి విడిపోయి సొంత సంస్థ పెట్టుకున్నారు గాని, కొన్ని నెలలకే మళ్ళీ కలిశారు.

ఒక విషయం దాచను. ఆ కార్యక్రమంలో ఆయన నల్లని రంగు మీద, తాగుడు మీద వేసిన జోకులు చాలా ఉన్నాయి. ఆయన ప్రతిదానికీ చురుకైన బదులిచ్చేవారు, ప్రేక్షకులు ఆయన పక్షానే నవ్వేవారు. అయినా ఈనాడు ఆ దృశ్యాలు చూసినప్పుడు ఎందరో బ్రెజిల్‌వారికి ఇబ్బందిగానే ఉంటుంది. నాకూ అలాగే ఉంది.

ఎంత పేరు వచ్చినా మంగెయిరా సాంబా పాఠశాలను ఆయన వదలలేదు. పాఠశాల అంటే తరగతులు కావు; కార్నివాల్ ఊరేగింపుకు ఏడాది పొడవునా సిద్ధమయ్యే పేట సంఘం. దాని రంగులు ఆకుపచ్చ, గులాబీ. వెడల్పాటి పరికిణీలతో గిరగిరా తిరిగే పెద్దవయసు స్త్రీలది అందులో ఒక వరుస, దాన్ని చూసుకునే బాధ్యత ఆయనది.

జకారియాస్ 1990లో కన్నుమూశారు. 1994 జూలైలో ముసుంకు సావో పావులోలో గుండె మార్పిడి జరిగింది. మరికొద్ది రోజులకే, జూలై 29న, యాభై మూడేళ్ళ వయసులో ఆయన మరణించారు. 2023లో ఆయన జీవితం మీద వచ్చిన చలనచిత్రం గ్రమాదో చిత్రోత్సవంలో ఉత్తమ చిత్రంగా ఎంపికైంది. దాని పేరు ‘ముసుం, ఒ ఫిల్మిస్’.

ఇక ఉంటాను. అల్లం రేకు మీద మరీ గట్టిగా గీయకండి, చేతులు తెగుతాయి.

మీ
తాతయ్య