ఫిర్యాదు నలుగురిలో పడ్డాక

911 అంటే ప్రాణం మీదికి వచ్చినప్పుడు చేయాల్సిన నంబరు. 1990ల్లో అమెరికాలోని బాల్టిమోర్ నగరంలో మాత్రం దానికి వచ్చే కాల్స్‌లో చాలావాటికి ప్రాణాలతో సంబంధమే ఉండేది కాదు. పక్కింటి గోల, దారికడ్డంగా పెట్టిన కారు, ఇలాంటివి. నిజంగా ఆపదలో ఉన్నవాళ్లకు లైను దొరకడం కష్టమైంది. దాంతో 1996 అక్టోబరులో, తొందర లేని విషయాల కోసం 311 అని వేరే నంబరు పెట్టారు. అప్పటి ఉద్దేశం పోలీసుల మీద భారం తగ్గించడమే. షికాగో 1999లో, న్యూయార్క్ 2003లో అదే 311ను నగర సేవలన్నిటికీ ఒకే గుమ్మంలా మార్చాయి. జనం ఫిర్యాదులు సోషల్ మీడియాకెక్కిన కథను ఫోన్ నంబరుతో మొదలుపెట్టడం వింతగా అనిపించొచ్చు. కానీ తర్వాత వచ్చిన యాప్‌లన్నీ పట్టుకున్న ముడి ఇక్కడిదే. ఏ పని ఏ శాఖదో జనానికి తెలియదు. తెలిసి ఉండాలని అనుకోవడమే తప్పు.

ఈ నంబరుతో ఒక చిక్కు ఉండేది. చెప్పేది మీరు, వినేది ఆపరేటరు, మూడో మనిషికి ఆ సంగతి తెలియదు. ఒకే గుంత గురించి పదిమంది ఫోన్ చేస్తే పది ఫిర్యాదులు నమోదవుతాయి. పదకొండోవాడు 'ఎవరో ఒకరు చెప్పే ఉంటార్లే' అనుకుని పక్కనుంచి వెళ్లిపోతాడు.

ఫిర్యాదు అందరికీ కనబడేలా తలుపు తెరిచింది బ్రిటన్‌లోని మైసొసైటీ అనే చిన్న సంస్థ. టామ్ స్టైన్‌బర్గ్ 2003లో దాన్ని మొదలుపెట్టారు. 2007లో వాళ్లు తెచ్చిన ఫిక్స్‌మైస్ట్రీట్ చూడ్డానికి చాలా మామూలు సైటు. మ్యాపు మీద గుంత ఉన్నచోట క్లిక్ చేసి రెండు ముక్కలు రాస్తే, ఆ వీధి ఏ కౌన్సిల్ (అక్కడి స్థానిక ప్రభుత్వం) కిందికి వస్తుందో సైటే చూసుకుని వాళ్లకు ఈమెయిల్ పంపేది. కౌన్సిళ్ల అనుమతి కోసం ఆగలేదు, వాళ్ల కంప్యూటర్లతో కలపనూ లేదు. అసలు కిటుకు రెండుచోట్ల ఉంది. మీరు రాసింది అందరికీ కనబడుతుంది కాబట్టి పక్కవీధివాడు మళ్లీ రాయక్కర్లేదు. నాలుగు వారాల తర్వాత సైటు మిమ్మల్నే అడుగుతుంది, పనైందా అని. 'పూర్తయింది' అని ఫైలు మూసే అధికారం కౌన్సిల్‌కు ఒక్కదానికే లేకుండా పోయింది. నా లెక్కలో ఈ మొత్తం చరిత్రలో అతి తెలివైన ప్రశ్న అదే.

గుంతలు సరే, ఆసుపత్రుల సంగతేమిటి? ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో డాక్టరుగా పనిచేసే పాల్ హాడ్జ్‌కిన్ 2005లో పేషెంట్ ఒపీనియన్ అనే సైటు పెట్టారు. రోగి తన అనుభవం పేరు చెప్పకుండా రాయొచ్చు, ఆసుపత్రి అక్కడే అందరి ముందూ జవాబివ్వొచ్చు, మార్పేదైనా చేస్తే అదీ చెప్పొచ్చు. కోర్టుకెక్కేంత గొడవ లేని మాటలు చాలా ఉంటాయి. రాత్రంతా వార్డులో లైట్లు ఆర్పలేదు, మందు మార్చిన సంగతి చెప్పలేదు, ఇలాంటివి. వీటిని కాగితం మీద ఫిర్యాదుగా రాయాలంటే ఎవరికైనా బెరుకే. కథలా చెప్పమంటే చెబుతారు.

సోషల్ ఇన్నోవేషన్ అనే మాట ఆ రోజుల్లోనే బాగా వాడుకలోకి వచ్చింది. జనం అవసరం చూసి, సర్కారు కోసం ఆగకుండా కొత్త పద్ధతి కనిపెట్టడం అని దాని అర్థం. పని మాత్రం పాతదే. లండన్‌లోని బెత్నల్ గ్రీన్‌లో కూర్చుని మైకేల్ యంగ్ అనే ఆయన దశాబ్దాల పాటు చేసింది ఇదే. 1957లో వినియోగదారుల సంఘం, తర్వాత ఓపెన్ యూనివర్సిటీ ఆలోచన, 1990లో ఇంగ్లిషు రాని రోగులకు ఫోన్లోనే దుబాసీని కలిపే లాంగ్వేజ్ లైన్. ఆయన సంస్థ 2005లో యంగ్ ఫౌండేషన్‌గా మారింది. అప్పటికి కంప్యూటర్ కుర్రాళ్లు కూడా ఇదే దారిలోకి వస్తున్నారు. 2008లో లండన్‌లోనే సోషల్ ఇన్నోవేషన్ క్యాంప్ పేరుతో సాఫ్ట్‌వేర్ తెలిసినవాళ్లనూ సమస్య తెలిసినవాళ్లనూ ఒక వారాంతం పాటు ఒకచోట కూర్చోబెట్టారు. రెండు రోజుల్లో తయారైన వస్తువులు ఎన్నాళ్లు బతుకుతాయన్నది వేరే సంగతి. ఇలా ఒకచోట కూర్చుని గబగబా సాఫ్ట్‌వేర్ రాసే చాలా హ్యాకథాన్‌ల మీద నాకున్న అనుమానం కూడా అదే.

అదే ఏడాది జనవరిలో కెన్యాలో పుట్టిన ఉషాహిది అనే మ్యాపు సైటుకు మాత్రం వారాంతపు సరదా లేదు. 2007 డిసెంబరు ఎన్నికల తర్వాత అల్లర్లు చెలరేగి, టీవీల్లో ప్రత్యక్ష ప్రసారాలు ఆపేసినప్పుడు, ఓరీ ఒకోలో అనే బ్లాగరు ఎక్కడేం జరుగుతోందో మ్యాపు మీద పెట్టగలరా అని అడిగారు. కొద్దిరోజుల్లోనే తయారైంది. స్వాహిలీలో ఉషాహిది అంటే సాక్ష్యం. 2010 జనవరి 12న హైతీలో భూకంపం వచ్చినప్పుడు ఇదే సాఫ్ట్‌వేర్ పనికొచ్చింది. బాధితులు 4636కు ఉచితంగా ఎస్సెమ్మెస్ పంపితే, వేరే దేశాల్లో ఉన్న హైతీవాళ్లు క్రియోల్ నుంచి అనువదించి, ఆ వీధి ఎక్కడుందో గుర్తుపట్టి చెప్పేవారు.

ఇంతవరకూ జనం పని చెప్పడమే, చేయడం సర్కారు వంతు. బోస్టన్ దీన్ని తిరగేసింది. మంచు బాగా పడితే అక్కడ ఫైర్ హైడ్రెంట్లు, అంటే ఫైరింజన్లకు నీళ్లిచ్చే వీధి కుళాయిలు, కూరుకుపోతాయి. ఫైరింజన్ వచ్చినా ముందు పార పట్టుకుని తవ్వాలి. 2011లో, నగరాలకు ప్రోగ్రామర్లను పంపే కోడ్ ఫర్ అమెరికా అనే సంస్థ తరఫున వచ్చిన ఒక ప్రోగ్రామర్ చిన్న యాప్ రాశాడు. మీ వీధి హైడ్రెంట్‌ను దత్తత తీసుకోండి, పేరు పెట్టుకోండి, మంచు పడ్డప్పుడు దాని చుట్టూ తవ్వండి. మీరు తవ్వకపోతే ఇంకొకరు దాన్ని మీ దగ్గర్నుంచి లాగేసుకోవచ్చు! మంచే తెలియని హోనలూలూ కూడా దీన్ని తీసుకుంది. అక్కడ సునామీ సైరన్ల బ్యాటరీలు దొంగలెత్తుకుపోతుంటే, సైరన్లను జనానికి దత్తతిచ్చారు.

ఇక ఫేస్‌బుక్, ట్విట్టర్ (ఇప్పటి పేరు ఎక్స్). ఇవి ఈ పని కోసం పుట్టినవి కావు, కానీ జనం ఉన్నది అక్కడే. 2011 జనవరి వరదల్లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ పోలీసులు ఫేస్‌బుక్, ట్విట్టర్‌లలో వరద సమాచారం ఇస్తూ, పుకార్లను 'మిత్‌బస్టర్' అనే హ్యాష్‌ట్యాగ్‌తో ఒక్కొక్కటిగా కొట్టిపారేశారు. అదే ఏడాది నుంచి స్పెయిన్‌లో గ్రనాడా పక్కనున్న హూన్ అనే చిన్న ఊరి మేయరు హోసే ఆంతోనియో రోద్రిగెస్ సాలస్ ఊరి పనులన్నీ ట్విట్టర్ మీదికి తెచ్చారు. ఖాతా తమదేనని ఊరివాళ్లు మున్సిపల్ ఆఫీసుకు వచ్చి నిరూపించుకునేవారు. ఒక రాత్రి పది దాటాక ఒకాయన వీధి దీపం వెలగడం లేదని ట్వీట్ చేశాడు. పది నిమిషాల లోపే మేయరు జవాబిచ్చారు, రేపు ఎలక్ట్రీషియన్ బాగుచేస్తాడని. ఆ జవాబులో ఎలక్ట్రీషియన్ ఖాతాను కూడా ట్యాగ్ చేశారు. మర్నాడు బాగైన దీపం ఫొటో పెట్టింది ఎలక్ట్రీషియనే. దీన్ని చూసి ట్విట్టర్ మహిమ అనుకునేవాళ్లున్నారు. నాకు మాత్రం ఆ ట్యాగే కనబడుతోంది. పని చేయాల్సిన మనిషి ఎవరో ఊరందరికీ తెలిసింది, చేసినప్పుడు ఆ మెప్పూ అతనికే దక్కింది. చాలా పెద్ద నగరాల ఖాతాల్లో ఈ ముక్కే ఉండదు. 'సంబంధిత శాఖకు పంపాం' అనే జవాబు నిమిషంలో వస్తుంది. ఆ తర్వాత ఏమీ రాదు.

బెంగళూరులో జనాగ్రహ సంస్థ 2010లో పెట్టిన 'ఐ పెయిడ్ ఎ బ్రైబ్' ఇంకో కోణం చూపింది. లంచం తీసుకున్నవాడి పేరు వదిలేసి, ఏ ఆఫీసులో ఏ పనికి ఎంత ఇచ్చారో పోగుచేస్తే లంచాల ధరల పట్టిక తయారవుతుంది. పేరుంటే పరువునష్టం కేసు, పట్టిక ఉంటే ఏ కౌంటరు దగ్గర పద్ధతి మార్చాలో తెలుస్తుంది. చైనాలో 2011లో దీన్ని చూసి పుట్టిన సైట్లు ఎన్నాళ్లో నిలవలేదు, అధికారులు ఆపేశారు.

తైవాన్‌ది వేరే పాఠం. 2014లో విద్యార్థులు పార్లమెంటులో బైఠాయించిన ఉద్యమం తర్వాత అక్కడి సివిక్ హ్యాకర్లు, అంటే జనం పనుల కోసం సాఫ్ట్‌వేర్ రాసే వాలంటీర్లు, వీతైవాన్ అనే ఆన్‌లైన్ చర్చా వేదిక కట్టారు. 2015లో ఊబర్‌కు ఏ నియమాలు పెట్టాలన్న గొడవ దాని ముందుకొచ్చింది. వాళ్లు వాడిన పోలిస్ అనే సాఫ్ట్‌వేర్‌లో రిప్లై బటన్ లేదు. ఎదుటివాడి మాటకు ఒప్పుకోవచ్చు, కాదనొచ్చు, లేదా మీ మాట విడిగా రాయొచ్చు. తిట్టుకోవడానికి చోటే లేకపోతే, ఇరుపక్షాలూ ఒప్పుకునే మాటలు పైకి తేలాయి.

వీటన్నిటి కిందా ఒక బలహీనత మొదటినుంచీ ఉంది. ట్విట్టర్‌లో గట్టిగా అరవగలిగినవాడి వీధి ముందు బాగవుతుంది. ఫోన్ లేని ముసలాయన వీధిలో గుంత లెక్కలోకే రాదు. ఇంకొకటి, గుమ్మం సర్కారుదైనా ఇల్లు ఎవరిదో. 2023లో ట్విట్టర్, ఆటోమేటిక్‌గా పోస్టులు పెట్టుకునే సదుపాయానికి డబ్బు అడగడం మొదలుపెట్టింది. న్యూయార్క్ రైళ్లు, బస్సులు నడిపే ఎంటీఏకు మధ్యలో సేవ తెగిపోవడంతో, ఏప్రిల్ 27న అక్కడ రైళ్ల ఆలస్యాల సమాచారం పెట్టడం మానేసింది. తర్వాత ప్రభుత్వ సంస్థలకు మళ్లీ ఉచితమేనని కంపెనీ చెప్పాకే, మే నెలలో తిరిగి వచ్చింది. ఫిక్స్‌మైస్ట్రీట్‌కు ఆ టెన్షన్ లేదు. దాంతో తమ కంప్యూటర్లు కలుపుకోని కౌన్సిళ్లకు అది ఇప్పటికీ ఈమెయిలే పంపుతోంది.